నాలుగు వెదురు బద్దలు

మళ్ళీ సందు అంటావేంటి దాత్? వచ్చి కూర్చున్నప్పటినుంచీ నీ నోట అదే మాట. అద్దానికీ ఫొటోకీ మధ్య సందు ఉండాలి, సందు ఉండాలి. ఇందాక వచ్చి వెళ్ళిన ఆ కొత్త పెళ్ళికూతురికీ అదే పాఠం. పాపం ఆ పిల్ల పెళ్ళిఫొటోకి పటం కట్టించుకుందామని సరదాగా వస్తే, మన హుయే ఊరి గాలి ఎంత తడిదో, ఫొటో అద్దానికి ఎలా అంటుకుపోతుందో చెప్పి అరగంట బెదరగొట్టావు. ఇంకాసేపుంటే మొగుడూ పెళ్ళాల మధ్య కూడా సందు పెట్టుకోమంటావేమో అనుకున్నాను.

నవ్వకు. నవ్వితే అచ్చం మీ నాన్నలా ఉంటావు, నాకు మాట తడబడుతుంది.

ముందు ఆ బల్ల మీదున్న పాత పటం మీంచి చెయ్యి తియ్యి. అవును, మా ఆయనదే. మా అబ్బాయి విన్ పొద్దున్న తెచ్చి ఇచ్చి వెళ్ళాడని తెలుసు, అది విప్పి, ఫొటోని అద్దం నుంచి ఊడదీసి, కొత్త అద్దం వెయ్యమన్నాడనీ తెలుసు. నాలుగింటికి వస్తానన్నాడు కదూ? ఈలోపల అది విప్పనని నువ్వు నాకు మాటివ్వాలి. అందుకే ఈ ముసురులో గొడుగేసుకుని పడుతూ లేస్తూ వచ్చాను.

ఎందుకని అడక్కు. సెన్ ముసలిదానికి చాదస్తం అనుకో. ఊరంతా అనుకునేదే కదా, నువ్వూ అనుకో.

సరే, ఎలాగూ వచ్చాను కాబట్టి నా దానికి అద్దం చూస్తాను. చూపించు. ఇదుగో నా ఫొటో, పోయాక పెద్దల పీటం మీద పెట్టడానికి. ఎందుకా మొహం? డెబ్భై దాటిన ఏ ముసలమ్మ ముందే తీయించి పెట్టుకోలేదు ఈ ఊళ్ళో? పిల్లలకి వదిలేస్తే గుర్తింపు కార్డు మీది బొమ్మ పెద్దది చేయించి పెడతారు. ఆఫీసులో చెప్పులు పోగొట్టుకున్నదానిలా ఉంటాను నేనందులో. ఆ మొహంతో ఏళ్ళ తరబడి దండాలు పెట్టించుకోమంటావా?

దీన్లో మెడ దాకానే నేను. కింద ఆ ఊదారంగు జరీ ఆవ్ జాయ్, ఆ పొడుగు అంగీ, నాది కాదు. స్టూడియోవాడు కంప్యూటర్లో తొడిగాడు. ఆ భుజాలు ఎవరివో. ఆవిడ పోతే ఆవిడ పిల్లలు వచ్చి మా ఇంట్లో దండం పెట్టుకోవచ్చు. ముడతలు కూడా సగం చెరిపేశాడు. సగమే ఎందుకని అడిగితే, మొత్తం తీసేస్తే పైన మీ ఆయన గుర్తుపట్టడు పెద్దమ్మా అన్నాడు.

వాడికేం తెలుసు? మా తోవాన్ పోయేనాటికి ముప్ఫై నాలుగు. నేను డెబ్భై రెండులో ఉన్నాను. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే తెలియనివాళ్ళు తల్లీకొడుకులనుకుంటారు. ముడతలు సగం తీసినా అంతే, మొత్తం తీసినా అంతే.

ఊఁ, ఇదేంటి, మామూలు అద్దమా? వద్దు. మా పీటం గుమ్మానికి ఎదురుగా ఉంటుంది, వెలుతురంతా వచ్చి దాని మీదే పడుతుంది. అగరొత్తి వెలిగించి తలెత్తితే పోయినవాళ్ళ మొహం కనిపించదు, మన మొహమే కనిపిస్తుంది. మా కోడలు మావగారికి దండం పెడుతూ జడ సర్దుకుంటుంది, నేను కళ్ళారా చూశాను. మావగారంటే అంత భక్తి ఏమిటా, రోజూ అంతసేపు నిలబడుతుందేమిటా అని మురిసిపోయాను కొన్నేళ్ళు.

ఇది బావుంది. మెరుపు లేదు, మెత్తగా ఉంది. కాస్త మసకేసినట్టుంది కూడా, నాలాంటిదానికి అదీ మంచిదే. ఆ మిగిలిన సగం ముడతలు దీంతో పోతాయి.

కుదరదా? ఎందుకు కుదరదు?

ఓహో. ఫొటోకి ఆనించి పెడితేనే ఇది స్పష్టంగా కనిపిస్తుంది, నీ సందు పెడితే పొగమంచులో మనిషిలా అయిపోతుంది. ఆనిస్తేనేమో తడికి అంటుకుంటుంది. మరి దీన్ని కొట్లో ఎందుకు పెట్టుకున్నావు? చూపించి లేదనడానికా? పొగమంచైనా ఫర్వాలేదంటున్నాను కదా, మొహం నాది, నీకెందుకు బాధ?

వినవు. ఈ విషయంలో మాత్రం వినవు. అచ్చం... సరే, కానీ.

ప్లాస్టిక్‌దా ఇది? ఎంత తేలిగ్గా ఉందో. కింద పడ్డా పగలదంటావు. వరదొచ్చినప్పుడు చంకలో పెట్టుకుని అటకెక్కడానికి ఇదే నయం. మరి దీనికేం రోగం? దుమ్ము లాక్కుంటుందా? అగరొత్తి మసి అంతా వచ్చి దీని మీద కూర్చుంటుందా? తుడిస్తే గీతలు పడతాయా? అయితే మా ఇంటికి పనికిరాదు. మా కోడలు తుడవడం నువ్వు చూడలేదు. గిన్నెలు తోమే పీచు అందుకుంటుంది.

వరదంటే గుర్తొచ్చింది. తొంభై తొమ్మిదిలో నీకెన్నేళ్ళు? పన్నెండా? అయితే గుర్తుంటుంది. నీళ్ళు మా గుమ్మం దాటి, మంచం దాటి, చూస్తూండగా పీటం కాళ్ళ దాకా వచ్చేశాయి. కొడుకులిద్దరూ పనికి పొరుగూరెళ్ళారు, ఇంట్లో మా అత్తగారూ, నేనూ, ఒక చూలు పంది. నేను ముందు ఎవర్ని అటకెక్కించానో తెలుసా? పందిని. అది ఎక్కనంటుంది, నేను వెనకనుంచి తోస్తాను, మా అత్తగారు పైనుంచి దాని చెవులు పట్టుకుని లాగుతుంది. అది ఎక్కేసరికి పీటం మునిగింది. మా ఆయన నీళ్ళలో వెల్లకిలా తేలుతూ మా వంకే చూస్తున్నాడు.

నవ్వు, ఫర్వాలేదు. ఆయనా నవ్వుకునే ఉంటాడు. బతికున్నప్పుడు కూడా పంది తర్వాతే నేనని వేళాకోళం చేసేవాడు.

అలా తడిసింది ఆ ఫొటో. ఆరేసరికి అద్దానికి అంటుకుపోయింది. చూశావుగా, ఇక్కడ చెంప దగ్గర, భుజం దగ్గర, మెరిసే మచ్చల్లా పడింది. ఇరవై అయిదేళ్ళుగా ఇలాగే ఉంది, ఇలాగే దండాలు పెట్టించుకుంటున్నాడు, ఆయనకి లేని ఇబ్బంది నీకూ మా విన్‌కీ ఎందుకు?

రెండు పటాలూ ఒకేలా ఉండాలంటాడు వాడు. ఇద్దరికీ ఒకటే చెక్క, ఒకటే అద్దం. అదీ ఈ ఖరీదైన అద్దమేగా? ఎండ తగిలినా రంగు పోనివ్వదట. వందేళ్ళు ఉంటుందని వాడి సంబరం. వందేళ్ళ తర్వాత నన్నెవరు చూస్తారురా అన్నాను. మా మనవల మనవలు చూసి ఎవరీ ముసలిది, ఇంత మంచి అంగీ వేసుకుంది అనుకుంటారు. ఆ అంగీ కూడా నాది కాదాయె.

కాదు దాత్, విప్పద్దు అంటున్నానా. ఊడదీయలేవు. చిరిగిపోతుంది.

నీళ్ళలో నానబెట్టి నెమ్మదిగా తీస్తావా? రెండు రోజులైనా సరేనా? ఊరికే చేస్తావా? ఎందుకయ్యా ఊరికే? మా విన్ ఇస్తాడు కదా.

ఏంటన్నావు?

మళ్ళీ చెప్పు. సరిగ్గా వినపడలేదు.

మీ నాన్న చేసిన తప్పు నువ్వు దిద్దాలా.

అదా సంగతి. అందుకా పొద్దున్న దీన్ని చూడగానే ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నట్టు అందుకున్నావని మా విన్ అన్నాడు. సందు పెట్టడం మర్చిపోయిన ఖ్వే కొడుకని నిన్ను బళ్ళో ఏడిపించేవారని నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ పాఠం ఎందుకు చెబుతున్నావో ఇప్పుడు తెలిసింది. నేనేమో నీకు తిక్క అనుకుని నవ్వుతూ కూర్చున్నాను ఇంతసేపూ.

కాస్త టీ పొయ్యి. వేడిది ఉంటే పొయ్యి, లేకపోతే అదే పొయ్యి. ఇదుగో నువ్వుల మిఠాయి తెచ్చాను, తిను. నిన్ను మంచి చేసుకుని మాట తీసుకుందామని తెచ్చాను. ఇప్పుడు ఊరికే తిను.

మీ నాన్న ఫొటో భలే పెట్టావు ఆ మూల. నవ్వుతూ ఉన్నాడు. దానికి సందు పెట్టావులే, ఇక్కడికే కనిపిస్తోంది.

విను దాత్. ఒకేసారి చెబుతాను, మధ్యలో ఏమీ అడక్కు.

నలభై ఒక్కేళ్ళ కిందట మా ఆయన గాలివానకి పడవ తిరగబడి పోయాడు. నాకు ముప్ఫై ఒకటి. విన్‌కి అయిదు, కిందవాడికి రెండు. పటం కట్టింది మీ నాన్నే, ఈ బల్ల మీదే. నేనా స్టూలు మీద కూర్చున్నాను. వెదురు తెచ్చి కత్తితో చీల్చి, అన్నం తినే పుల్లల్లో సగం లావున నాలుగు బద్దలు చేసి, అద్దం అంచుల వెంబడి నాలుగు వైపులా పెట్టాడు. ఇవెందుకు అన్నా అని అడిగితే, మనిషికైనా ఫొటోకైనా ఊపిరాడాలి కదా చెల్లెమ్మా అన్నాడు.

పెట్టాడు దాత్. మర్చిపోలేదు. నా కళ్ళతో చూశాను.

ఏడాది తిరిగాక, ఏటి అవతల ఒక మేష్టరు ఉండేవాడు, పెళ్ళాం పోయినవాడు. నన్ను చేసుకుంటానని మనిషిని పంపాడు. మా అత్తగారు వెళ్ళదలుచుకుంటే వెళ్ళు, పిల్లల్ని ఇక్కడ వదిలి వెళ్ళు అంది. వెళ్ళనన్నాను. వెళ్ళనని అన్నానే గానీ, ఆ మేష్టరు చెడ్డవాడు కాదు. సైకిలు మీద మా గుమ్మం ముందునుంచి వెళ్ళేవాడు, గంట కొట్టేవాడు కాదు. అదొక్కటే చాలేది నాకు రోజంతా తలుచుకోవడానికి. నా మీద నాకు నమ్మకం పోయింది.

అప్పుడు ఒక పని చేశాను. నా పెళ్ళినాటి ఫొటో, ఒక్కదాన్నే ఉన్నది, అట్ట మీద అంటించింది ఉండేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మా ఆయన పటం దింపి, వెనక చెక్క ఊడదీసి, ఆయన వీపుకి నా మొహం ఆనేలా లోపల పెట్టేశాను. ఇక నేను ఆ పీటం మీద ఉన్నదాన్నే. ఎవడొచ్చి అడిగినా లేనిదాన్నే. అదీ నా లెక్క.

బతికున్నవాళ్ళ ఫొటో అక్కడ పెట్టకూడదని నాకు తెలియదా? పెడితే తొందరగా తీసుకుపోతారంటారు. తీసుకుపోతే పోనీ అనుకున్నాను. పోలేదు చూశావా. నలభై ఏళ్ళు. ఆయనకి నా మీద అంత తొందర లేదన్నమాట.

ఆ అట్ట మందంగా ఉంది. వెనక చెక్క మూసుకోలేదు. నొక్కాను, మేకులు పట్టలేదు. అప్పుడు ఆ నాలుగు బద్దలూ తీసేశాను. తీస్తే సరిపోయింది. అవి పొయ్యిలో పెట్టాను. ఆ పూట అన్నం వాటి మీదే ఉడికింది.

తర్వాత వరద. నీళ్ళు తీశాక నేను ఇల్లు కడుగుతుంటే, మా అత్తగారు ఆ తడిసి అంటుకుపోయిన పటం సంచిలో వేసుకుని మీ నాన్న దగ్గరకి బయల్దేరింది. వెనకాల పరిగెత్తాను. మా అత్తగారు ఎలాంటిదో నువ్వెరగవు. ఇంట్లో ఏదో దోషం ఉంది, లేకపోతే నీళ్ళు పీటం దాకా రావు అని మూడు రోజులుగా సాధిస్తోంది. బతికున్న కోడలు ఆ పీటం మీద కూర్చుందని తెలిస్తే నా జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేది. ఏ మేష్టరు కోసం ఏడుస్తూ పెట్టావని కూడా అడిగేది.

మీ నాన్న పటం బోర్లా పెట్టి, వెనక చెక్క కొద్దిగా ఎత్తాడు. మా అత్తగారు బల్లకి అటువైపు. నేను ఆయన పక్కన. చెక్కకి అతుక్కుని నా అట్ట కూడా లేచింది, దాని కింద నా మొహం, తడిసి ఉబ్బి. ఆయన చూశాడు. బద్దలు లేవని చూశాడు. నన్నూ చూశాడు. ఎంతసేపో చూడలేదు, టీ ఒక గుక్క తాగినంతసేపు.

చెక్క మూసేసి, తప్పు నాదేనమ్మా, ఆ రోజు తొందరలో సందు పెట్టడం మర్చిపోయాను అన్నాడు.

మా అత్తగారు తిట్లు అందుకుంది. వీధి వీధంతా వచ్చి నిలబడింది. గుడివాళ్ళు పటాలు కట్టడానికి మీ నాన్నకి ఇచ్చిన పాత స్వాముల ఫొటోలు ఆ వారమే వెనక్కి తీసుకెళ్ళారు. అదంతా జరుగుతుంటే నేనేం చేశానో తెలుసా? ఊరుకుంటే అనుమానం వస్తుందని నేనూ గొంతు కలిపాను. నాలుగు మాటలు ఎక్కువే అన్నాను.

ఆ తర్వాత ఈ వీధిలో ఎప్పుడు వెళ్ళినా, ఏం ఖ్వే అన్నా, సందు పెట్టావా అని కేకేసేదాన్ని. పెట్టాను చెల్లెమ్మా, చూసి వెళ్ళు అనేవాడు. అందరూ నవ్వేవారు. వాళ్ళతో పాటు ఆయనా నవ్వేవాడు. మా అత్తగారు పోయాక చెప్పవచ్చు కదా. చెప్పలేదు. వేళాకోళం అలవాటైపోయింది, తీయగా కూడా ఉండేది. నా గుట్టు తెలిసిన మనిషి ఊళ్ళో ఒకడున్నాడు, ఆ మాటన్నప్పుడల్లా మా ఇద్దరికే తెలిసిందేదో ఒకటి ఉన్నట్టు ఉండేది. నాకు తీయగా ఉన్నది నీకు బళ్ళో ఎలా ఉందో నేను ఆలోచించలేదు.

మీ నాన్న పోయినప్పుడు వచ్చాను. అగరొత్తి పట్టుకుని నిలబడ్డాను. చెబుదామనే వచ్చాను. నీకు గాని, ఆయనకి గాని. ఆ అద్దంలో నా మొహమే కనిపించింది, వెనక్కి వెళ్ళిపోయాను.

ఇంట్లో మీ అమ్మకి కూడా చెప్పలేదా ఆయన? నీకూ చెప్పలేదా? అవునులే, చెబితే నువ్వు ఇలా ఉండవు.

తిట్టు దాత్. ఆ అద్దం ముక్క తుడుస్తూ కూర్చోకు, అది ఎప్పుడో శుభ్రమైంది.

విప్పుతావా? విప్పు. ఇక వద్దనను. నీకు హక్కుంది. నానబెడితే ఆయనా నేనూ కలిసే వస్తామో, ముక్కలుగా వస్తామో. వీధిలోవాళ్ళని పిలిచి చూపించు, మా నాన్న తప్పు కాదని చెప్పు.

అదుగో విన్ బండి చప్పుడు. వచ్చేశాడు. చేతిలో ఈ ఊరి ఉప్పు కాఫీ గ్లాసు లేకుండా కదలడు వీడు.

రా విన్. అవును, వచ్చాను, అద్దం చూసుకోవడానికి. తడవలేదు, గొడుగుంది.

దాత్? ఏం చెబుతున్నావు వాడికి?

ఊడదీయడం నీ వల్ల కాదనా. మా నాన్న చేసిన పొరపాటు, ఇక బాగుపడదు, పాత అద్దంతోనే ఉంచి పైన ఇంకో అద్దం వేస్తాననా.

అయ్యో నాయనా. నువ్వూనా. ఇందాకటినుంచీ నవ్వొక్కటే మీ నాన్నది అనుకున్నాను.

వద్దు. ఆ మాట ఈ బల్ల దగ్గర ఒకసారి విని ఊరుకున్నాను, రెండోసారి ఊరుకోలేను.

నా పటానికి నీ ఇష్టమొచ్చిన అద్దం వెయ్యి దాత్. మామూలుదే వెయ్యి, మా కోడలు జడ సర్దుకుంటుంది. సందు మాత్రం వెదురు బద్దలతో పెట్టు.

విన్, ఆ కాఫీ పక్కన పెట్టి ఇలా కూర్చో. కూర్చోరా, నీతో పనుంది. ఖ్వే మావయ్య మీ నాన్న పటానికి సందు పెట్టాడు. తీసింది నేను.